ధర్మవరంలో బండి ఆగినంతసేపు

మరియత్త పోయిందని పెనుకొండ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను హిందూపురంలో మా మిద్దె మీద రాగులు ఎండబోస్తున్నాను. ఫోను చేసింది ఎవరో కుర్రవాడు, నాకు తెలియదు. "మేడమ్, ఆ యమ్మ ఫోన్లో మీ నంబరొక్కటే ఉండాది. అందుకే మీకు చేస్తాండా" అన్నాడు. రాగులు అలాగే వదిలేసి, కాళ్లు కడుక్కుని బస్సెక్కాను. మట్టి వేసే వేళకు చేరాను. వేసి వచ్చి, ఆమె ఇంటి ముందు బండ మీద కూర్చున్నాను. ఒకప్పుడు సాయంత్రం అయితే ఆ బండ మీద చోటు కోసం పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు వీధిలో అన్ని ఇళ్లకూ ఇనప గేట్లు. గేటు లోపల బండ్లు, తలుపు లోపల టీవీలు. కొండ మాత్రం ఎప్పటిలాగే వీధి చివర నిలబడి ఉంది. చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు.

మరియత్త మాకు చుట్టం కాదు, గోడవతలి మనిషి. నాయనను అన్నా అనీ అమ్మను వదినా అనీ పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. వాళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లు, మేం శనివారం కొండ మీది ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టేవాళ్లం. తేడా అంతవరకే. రెండిళ్లకూ గోడ ఒకటే. రాళ్లు పేర్చి మట్టి మెత్తిన ఆ గోడలో నడుము ఎత్తున ఒక రాయి ఊడిపోయి చెయ్యి పట్టేంత సందు ఉండేది. ఎవరూ దాన్ని పూడ్చలేదు. పొద్దున పొయ్యి రాజేసుకోవడానికి నిప్పులు, మధ్యాహ్నం సంగటిలోకి గిన్నెడు ఊరిబిండి, క్రిస్మసుకు కజ్జికాయలు, ఉగాదికి ఒబ్బట్లు అన్నీ అందులోంచే అటూ ఇటూ నడిచాయి. మరియత్త చెనిక్కాయల మిల్లులో వేరుశనగ గింజలు ఏరే పనికి పోయేది. సాయంత్రం ఆమె వస్తుంటే పొట్టు వాసన ముందు వచ్చేది. తల దులుపుకుంటే ఎర్రటి దుమ్ము రాలేది. కొడుకు పాలు తాగే వయసులో ఉండగానే మొగుడు పోయాడు. ఆ కొడుకు సామేలు. నాకంటే మూడేళ్లు చిన్న. వరస ఏమైనా నన్ను అక్కా అనేవాడు, వాడికి అక్షరాలు దిద్దించింది నేనే.

నాయన హైస్కూల్లో డ్రిల్లు అయ్యవారు. పొద్దు పొడవకముందే లేచి రేడియో పెట్టుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తన ఖాకీ బట్టలు తానే ఇస్త్రీ చేసుకునేవాడు. గంజి పెట్టిన గుడ్డ మీద వేడి పెట్టె ఆనగానే లేచే ఆ వాసనకే మాకు మెలకువ వచ్చేది. వయసులో ఉన్నప్పుడు మిలిటరీకి పోవాలని రెండుసార్లు ప్రయత్నించాడట. ఛాతీ కొలతలో కొంచెం తక్కువై రెండుసార్లూ తిప్పి పంపారు. ఆ తక్కువను ఆయన జీవితాంతం నోటితో పూరించుకున్నాడని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆయన మాట్లాడుతుంటే ఒళ్లు జలదరించేది. సాయంత్రం బండ మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ దేశం గురించి చెప్పేవాడు. జెండా పండగ వస్తే బడిలో ఒకసారి, మా వీధిలో ఒకసారి జెండా ఎగరేసేవాడు. వీధి జెండాకు వెదురు కర్ర కడిగి పసుపు రాసేది మా అమ్మ, తాడు పేనేది మరియత్త. పిల్లలందరికీ బొరుగులు, బెల్లం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దేశం అంటే ఆ బొరుగుల రుచీ, నాయన గొంతూను. దానికి ఇంకో ముఖం ఉంటుందని తెలియదు.

అవి వానలు లేని ఏళ్లు. చెనిక్కాయ పంట వరసగా ఎండిపోయింది. కాయే లేనప్పుడు మిల్లెందుకు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆడి మూతపడేది. ఇంటర్ తప్పిన పిల్లలు కొందరు బెంగళూరుకు మట్టిపనికి పోయారు. మిగిలినవాళ్లను నాయన పోగేశాడు. తెల్లవారుజామున వీపున ఇసుక మూట కట్టించి కొండ ఎక్కించేవాడు. అందరిలో ముందు ఎక్కేవాడు సామేలే. ఎక్కి, పైన నిలబడి, కింద ఆయాసపడుతున్న వాళ్లకు చెయ్యి ఊపేవాడు.

మరియత్తకు ఇష్టం లేదు. గోడ సందులోంచే నాయనతో మాట్లాడింది. నేను ఇవతల రాగిపిండి జల్లిస్తున్నాను.

"అన్నా, వాడొక్కడే కదా నాకు. ఈడ్నే ఏదో ఒకటి జేసుకుంటాడులే."

"ఈడ ఏముండాది మరియమ్మా? మూటలు మోస్తాడా? అది బతుకా? దేశానికి పనికొచ్చే ఒళ్లు వాడిది. నేను పోలేకపోతి. వాణ్నన్నా పోనీ."

"నువ్వు చెప్తే సరే అన్నా. నువ్వు చెడ్డ జెప్పవు" అందామె. అనంతపురంలో సెలెక్షన్లు జరిగితే మా వీధి నుంచి సామేలు ఒక్కడే నెగ్గాడు. నాయన వాణ్ని భుజాల మీద ఎత్తుకుని వీధంతా తిప్పాడు. యాభై దాటిన మనిషి ఇరవై ఏళ్లవాణ్ని మోస్తుంటే అమ్మ నవ్వలేక చచ్చింది. వాణ్ని డ్రైవరు పనిలో పెట్టారు. ట్రైనింగు అయ్యాక బెంగళూరు వైపే ఎక్కడో వేశారు. దగ్గరే కదా అని మరియత్త కుదుటపడింది.

కార్గిల్ యుద్ధం వచ్చిన ఎండాకాలం అది. ఒక సాయంత్రం బజారులో ఎస్టీడీ బూతు అతను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సామేలు ఫోను చేశాడట, రెండు మాటలు చెప్పి పెట్టేశాడట. "రేపు మా మిలిటరీ రైలు హిందూపురం మీద పోతాది. ఎన్ని గంటలకో చెప్పరు. అమ్మను చూడాలనుండాది. సారుకు చెప్పు." మరియత్త ఆ మాటలు అతనితో మూడుసార్లు చెప్పించుకుంది.

పెనుకొండలో ఆ బండి ఆగదని స్టేషనులో చెప్పారు. హిందూపురంలో ఆగవచ్చన్నారు. తెల్లారేసరికి రెండు పొయ్యిల మీదా వంట అయింది. మా అమ్మ చిత్రాన్నం, ఒబ్బట్లు చేసింది. మరియత్త నాటుకోడి కోసి కూర చేసింది. నాయన ఇస్త్రీ బట్టలు వేసుకున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంట్లో ఉండిపోయింది. క్యారియర్లు పట్టుకుని నేనూ, నాయనా, మరియత్తా మొదటి బస్సుకు హిందూపురం పోయాం.

ప్లాట్‌ఫారం మీద పొద్దెక్కేదాకా కూర్చున్నాం. మరియత్త మంచినీళ్లకైనా లేవలేదు. లేస్తే బండి వచ్చేస్తుందని భయం. మధ్యాహ్నం దాటాక వచ్చింది. ముందు ప్రయాణికుల పెట్టెలు, వెనక టార్పాలిన్లు కప్పిన లారీలు మోసే బల్లలాంటి పెట్టెలు. కొంచెం నెమ్మదించింది గానీ ఆగలేదు. కిటికీల నిండా తలలు, ఊగే చేతులు, అన్నీ ఒకే రకం కత్తిరింపు జుట్లు. మరియత్త "సామేలూ, సామేలూ" అంటూ బండితోపాటు పరిగెత్తింది. ప్లాట్‌ఫారం అంచుకు పోయి పడేదే, నాయన కొంగు పట్టి లాగాడు. చివరి పెట్టె పోయాక పట్టాల మీద వేడి గాలి తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "అన్నా, వాడు నన్ను చూసింటాడా?" అని అడిగింది.

జెండా ఊపిన రైల్వే మనిషి మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. "ధర్మవరంలో ఎదురుబండి కోసం దాన్ని నిలపాల్సిందే. ఇంజను డ్రైవరు కూడా ఆడ్నే మారతాడు. యాదైనా బండి దొరికితే పోండి" అన్నాడు.

నాయన రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. సొంత అన్నదమ్ములను కూడా ఒక మాట సాయం అడగలేదు. ఆ రోజు నడిరోడ్డులో చేతులు చాపి నిలబడ్డాడు. లారీలు ఆయన్ను తప్పించుకుని పోయాయి. చివరికి ఒక జీపు ఆగింది. పట్టు కొనడానికి వచ్చి ధర్మవరానికి తిరిగి పోతున్న చీరల వ్యాపారిది. "ఏమప్పా, సావాలనుండాదా?" అని అతను కసురుకున్నాడు. నాయన రెండు చేతులూ జోడించాడు. "ఒక తల్లిని కొడుకు కాడికి చేర్చల్లప్పా. నీ కాళ్లు పట్టుకుంటా." అతను మరియత్త ముఖం చూశాడు. మరో మాట అడగకుండా వెనక మూటలు జరిపి చోటిచ్చాడు.

పెనుకొండ దగ్గర రైలు గేటు వేసి ఉంది. దారిలో ఎక్కడో నిలిపినట్టున్నారు, గేటు ఇవతల మేం ఉండగానే ఆ బండి మా ముందు నుంచే పోయింది. మరోసారి అవే కిటికీలు, అవే చేతులు. మరియత్త జీపు దిగబోతే నేను గట్టిగా పట్టుకున్నాను. అక్కడి నుంచి ధర్మవరం దాకా ఆ వ్యాపారి జీపును ఎట్లా తోలాడో నాకు గుర్తు లేదు. మూటల్లోని పచ్చి పట్టు వాసన మాత్రం ఇప్పటికీ గుర్తు.

బండి మూడో పట్టా మీద నిలిచి ఉంది. స్టేషను నిండా జనం. మగ్గాల వీధుల నుంచి ఆడవాళ్లు కుంకుమ భరిణెలు, అరటిపళ్లు తెచ్చారు. కుర్రవాళ్లు జెండాలు పట్టుకుని నినాదాలు ఇస్తున్నారు. పెట్టెల దగ్గరికి ఎవరినీ పోనివ్వడం లేదు. నాయన తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ఈమె తల్లి అని కాపలా అతన్ని బతిమాలాడు. "మా హై సాబ్, మా." అతను మరియత్త వైపు చూసి తలుపు కొట్టాడు. పేరు లోపలికి పోయింది. నాలుగు పెట్టెల అవతల సామేలు తల బయటికి వచ్చింది.

కంకర రాళ్ల మీద చెప్పులు ఊడిపోయినా ఆగకుండా మరియత్త పరిగెత్తింది. వాడు మెట్టు మీద కూర్చుని కిందికి వంగాడు. నేను క్యారియరు పైకెత్తి పట్టుకున్నాను. ఆమె కూర కలిపిన ముద్ద వాడి నోట్లో పెట్టింది. వాడి ముఖం చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి, మీసం కొత్తగా ఉంది. జనం మమ్మల్ని చూశారు. తల్లీ కొడుకూ అని తెలిసి ఉత్సాహం పట్టలేక దగ్గరికి వచ్చి చుట్టూ మూగి ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టారు. భారత్ మాతా కీ జై. చెవులు చిల్లులు పడుతున్నాయి. సామేలు ఏదో అంటున్నాడు, మరియత్తకు వినబడడం లేదు. "ఏమి నాయనా? ఏమంటాండావు?" అంటోంది. నాయన వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తి, మూడు వందల మంది పిల్లలను నిలబెట్టే గొంతుతో "అరవొద్దండప్పా, ఒక్క నిమిషం అరవొద్దండి" అని కేకపెట్టాడు. చేతులెత్తిన ఖాకీ బట్టల మనిషిని చూసి, ఆయన కూడా నినాదమే ఇస్తున్నాడనుకుని జనం ఇంకా పెద్దగా "జై" అన్నారు. ఆయన మళ్లీ అరిచాడు. వాళ్లు మళ్లీ "జై" అన్నారు.

క్యారియరు ఎత్తి పట్టుకున్నందువల్ల నా ముఖం వాడి మోకాలి దగ్గర ఉంది. వాడన్న మాట నాకు వినబడింది. బడికి పోనని మారాం చేసే పిల్లవాడి గొంతుతో అన్నాడు. "అమ్మా, నాకు పోబుద్ధి కాలేదమ్మా."

మరియత్త వినబడినట్టే నవ్వి తల ఊపింది. ఇంకో ముద్ద పెట్టింది. వాడు నా వైపు చూశాడు. నేను విన్నానని వాడికి తెలిసింది. బండి కదిలింది. నేను క్యారియరు వాడి చేతిలో పెట్టేశాను. అప్పుడు నవ్వాడు, జనం కోసమో, అమ్మ కోసమో. నాయన అటు తిరిగేసరికి ఆ నవ్వే కనబడింది.

తిరుగు బస్సులో మరియత్త నా చెయ్యి పట్టుకుంది. "పాపా, నువ్వు పక్కనే ఉంటివి గదా. ఏమో అన్నాడు వాడు. ఏమన్నాడు?"

"కూర బాగుందన్నాడత్తా" అన్నాను.

నేను ఆలోచించుకుని చెప్పిన అబద్ధం కాదది. నోటికి అది వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోయింది. మిల్లులో చెప్పింది, చర్చిలో చెప్పింది, వీధిలో ప్రతి ఇంటా చెప్పింది. యుద్ధానికి పోతా కూడా కూర బాగుందన్నాడంట నా కొడుకు, అని.

యుద్ధం అయిపోయింది. సామేలు క్షేమంగా ఉన్నానని ఉత్తరం రాశాడు. మరియత్త వీధికంతా కజ్జికాయలు పంచింది. ఆ చలికాలంలో, మంచు రోడ్డు మీద సామాన్లు మోస్తున్న వాడి లారీ జారి లోయలో పడింది. శవపెట్టె మిలిటరీ బండిలో వచ్చింది. మొదటి రోజు ఊరంతా వచ్చింది. విగ్రహం పెట్టిద్దామన్నవాళ్లు కూడా ఉన్నారు. మర్నాటికి వాళ్లలో ఒకరు నాయన దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగారు. "యుద్ధంలో కాదంట గదా సారూ. లారీ బోల్తా పడిందంట?" తర్వాత ఎవరూ విగ్రహం మాట ఎత్తలేదు.

పది రోజులకు నాయన మరియత్త ఇంటికి పోయి, నిలబడే చెప్పాడు. "మరియమ్మా, ఎవరేమన్నా నీ కొడుకు దేశం కోసం ప్రాణమిచ్చినాడు." ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "అన్నా, నా కొడుకు బండి తోలుతా సచ్చిపోయినాడు. దాన్ని ఇంకో మాట అనొద్దు. ఆ మాట చెప్పే పంపిస్తిమి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాయన తట్టుకునేవాడేమో.

అయినా మనిషికి నిలబడడానికి ఏదో ఒకటి కావాలి. నాయన ఆ నవ్వును పట్టుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ సెలెక్షన్లు అన్నారు. ఆరుగురు పిల్లలు వచ్చి ట్రైనింగ్ ఇవ్వమన్నారు. "సామేలు నవ్వుతా పోయినాడు రా. నేను నా కళ్లతో చూసినా. మీరూ పోండి" అని నాయన వాళ్లతో అనడం విన్నాను. మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చేసుకుంటుంటే పోయి, ధర్మవరంలో వాడేమన్నాడో చెప్పేశాను.

ఆయన పెట్టె పక్కన పెట్టాడు. చొక్కా మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "ఆ యమ్మకు చెప్పినావా?"

"లేదు నాయనా."

"చెప్పొద్దు."

అంతే మాట్లాడింది. ఆ రోజు గ్రౌండుకు పోలేదు. పిల్లలు ఎండెక్కేదాకా చూసి వెళ్లిపోయారు. ఆ ఏడు మా వీధిలో జెండా ఎగరలేదు. ఎందుకని మరియత్త వచ్చి అడిగితే, ఒంట్లో బాగాలేదన్నాడు. పదవీ విరమణ దాకా బడిలో ఈల ఊదడం తప్ప పిల్లలతో ఏమీ మాట్లాడలేదని తర్వాత తెలిసింది. నిజం చెప్పి ఆయన నోరు మూయించింది నేను. అబద్ధం చెప్పి ఆమెను బతికించుకున్నదీ నేనే. ఏది తప్పో ఏది ఒప్పో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను. ఆ ఆరుగురిలో ఒకతను కొన్నేళ్ల తర్వాత బెంగళూరు బస్సులో కనిపించాడు. చేతుల నిండా సిమెంటు తిన్న పుండ్లు. "ఆ పొద్దు సారు వచ్చింటే నాకీ కర్మ తప్పేదక్కా" అన్నాడు. వానలు లేని ఊళ్లో పుట్టిన పిల్లవాడికి లోయ ఒకవైపు, సిమెంటు ఒకవైపు. నడుమ దారి చూపించడం నాయనకు తెలియలేదు, నాకూ తెలియలేదు. దేశానికి తెలుసని నాయన నమ్మాడు.

నాయన మంచాన పడినప్పుడు గంజి తాగించింది మరియత్తే. ఆమె గ్లాసు పట్టుకుంటే ఆయన కళ్లు మూసుకుని తాగేవాడు. ఆమెకు మాత్రం చివరి వరకూ చెప్పలేదు, ఆయనా, నేనూ.

ఇప్పుడు ఆమె కూడా పోయింది. సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, తల్లి చేతి కూర మెచ్చుకుని నవ్వుతూ యుద్ధానికి కదిలిన బిడ్డ అని సామేలును తలుచుకున్నారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

బండ మీద కూర్చున్న నా దగ్గరికి, చీకటి పడేముందు వీధి కుర్రవాళ్లు నలుగురు వచ్చారు. ఫోను చేసినవాడూ వాళ్లలో ఉన్నాడు. వీధి మొదట్లో సామేలు పేరుతో బోర్డు పెడతారట. నేను కథలు రాస్తుంటానని ఎవరో చెప్పారట, మాటలు సరిచూడమన్నారు. కాగితం తీసుకున్నాను. 'దేశం కోసం నవ్వుతూ ప్రాణాలర్పించిన వీరజవాను' అని ఉంది. అది మొత్తం కొట్టేసి, 'సామేలు. మరియమ్మ కొడుకు. మిలిటరీ లారీ డ్రైవరు. ఈ వీధిలో పుట్టి పెరిగినాడు' అని రాసి ఇచ్చాను.

"ఇంతేనా మేడమ్?" అన్నాడు ఒకడు.

"ఇంతే నాయనా. మిగతాది మనకు తెల్దు" అన్నాను. ఆ నిజం ఇంకోసారి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

నెల తర్వాత మరియత్త జ్ఞాపకార్థ కూడికకు మళ్లీ పెనుకొండ పోయాను. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఏదో గ్రూపు ఫొటోలోని సామేలు ముఖాన్ని పెద్దది చేశారు. పక్కన, ఎర్రటి అక్షరాలతో, వాళ్లు మొదట రాసుకున్న మాటలే. ఒక్క అక్షరం మారలేదు. ఇట్లు అని కింద వరసగా పేర్లు. అన్నిటికంటే పైన మా నాయన పేరు, ఆ తర్వాత నాది.